మామను మింగేసిన బావ

చదువు పూర్తయి ఉద్యోగం రాని ఆ కాలంలో నాకు సొంతమని చెప్పుకోవడానికి కోపం ఒక్కటే ఉండేది. అదీ చిన్న విషయాలకే వచ్చేది, పెద్ద విషయాలేవీ నా దాకా వచ్చేవి కావు కాబట్టి. కానీ కర్నూలులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదేనని ఇప్పటికీ నా వాదన. అక్కడి పరీక్ష ఏమంటే, ఎవరి కుటుంబాన్ని వాళ్లు ప్రోగ్రాముగా రాయాలి. డేటాబేసు వాడకూడదు. మనుషులంతా కంప్యూటర్ మెమరీలోనే ఆబ్జెక్టులుగా ఉండి, ఎవరు నాకేమవుతారో అడగ్గానే చెప్పాలి. (కరెంటు పోతే బంధువులంతా మాయం. కొందరి విషయంలో ఇది సౌకర్యమే.) ప్రోగ్రాము నడిస్తే ఉద్యోగం, నడవకపోతే బేతంచెర్లలో మామ బండల పాలిష్ మిషను దగ్గర దుమ్ము.

ఆ మామే నన్ను బండి మీద దించి, "నేను గూడా సూస్తా" అని నా వెనకే కుర్చీ వేసుకున్నాడు. ఈయన మా అమ్మకు తమ్ముడు. మా అక్కను చేసుకున్నదీ ఈయనే, కాబట్టి బావ కూడా. మా వైపు ఇదేం వింత కాదు. నేనేమో ప్రతి మనిషికీ వరుస రాయడానికి ఒకే గడి పెట్టాను. అందులో ముందు 'మామ' అని రాసి, అక్క పెళ్లి రాసే చోటికొచ్చేసరికి అదే గడిలో 'బావ' అని రాశాను. రెండోది మొదటిదాన్ని మింగేసింది.

పరీక్ష పెట్టిన సార్ (నవ్వడు కాబట్టి నా లెక్కలో బండ సార్) మామ పేరు కొట్టాడు. తెర మీద 'బావ' అని మాత్రమే వచ్చింది.

"ఏమప్పా, నేను నీకు మామను కాదా? భుజాన ఏసుకోని అహోబిలం కొండెక్కించింది ఎవురు?" అన్నాడు మామ.

"ఉండు మామా, మారుస్తా" అని ముందుది వెనక్కి, వెనకది ముందుకీ జరిపాను. ఈసారి 'మామ' ఒక్కటే వచ్చింది.

"అంటే మీ అక్కతో నా పెండ్లి ఉత్తదేనా? ఫోన్ చేసి చెప్పమంటావా దానికి?"

"వొద్దు మామా!" అన్నాను, నిజంగానే భయపడి.

సార్ కళ్లజోడు సర్దుకుని, "ఒకే మనిషి రెండూ ఎలా అవుతాడు? మీ డేటా తప్పు" అన్నాడు.

తప్పట! ఆ పెళ్లిలో ఓళిగలు తిన్న ఊరంతా తప్పా? "సార్, అమ్మ వైపు నుంచి వస్తే మామ, అక్క వైపు నుంచి వస్తే బావ. మనిషి మారలేదు సార్, దారి మారింది!" అని అరిచాను. అరిచాక నా మాట నాకే వినబడింది. అసలు వరుసల్ని రాసిపెట్టుకోవడమే తప్పు. ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరిని ఎవరు చేసుకున్నారు, ఇంతే ఉంచుకుని, వరుసను దారిని బట్టి తేల్చుకోవాలి. కోపం చల్లారేలోపే మార్చి రాసేశాను (చల్లారి ఉంటే చేతనయ్యేది కాదు).

'మామ, బావ' అని రెండూ వచ్చాయి. మామ మీసం నిమురుకున్నాడు. కానీ తెర అక్కడ ఆగలేదు. అమ్మ నుంచి మామకు, మామ నుంచి అక్కకు, అక్క నుంచి మళ్లీ అమ్మకు. ఒకసారి చూసినవాళ్లను మళ్లీ చూడొద్దని ప్రోగ్రాముకు చెప్పడం మరిచిపోయాను. తెర నిండా మావాళ్లే పరుగెత్తుతున్నారు.

"ఇది ఆగదా?" అన్నాడు సార్.

"మా వంశం యాడ ఆగుతాది సార్!" అన్నాడు మామ.

పాలిష్ పడిన బండలా సార్ మొహం మెరిసింది. "సోమవారం రా. వచ్చి ముందు దీన్ని ఆపు" అన్నాడు. దెబ్బలాటకు సిద్ధమై ఉన్న నాకు, అది ఉద్యోగమని అర్థం కావడానికి మామ నా వీపు మీద చరచాల్సి వచ్చింది.

ఇప్పటికీ నా ఫోనులో ఒకే నంబరు 'మామ' అనీ 'బావ' అనీ రెండు పేర్లతో ఉంది. రెండూ ఒక్కరే కదా, కలిపేయనా అని ఫోను అప్పుడప్పుడూ అడుగుతుంది. అప్పటి నా కుర్రకోపం ఒక్క క్షణం నాలోకి తిరిగొస్తుంది. 'వద్దు' అని గట్టిగా నొక్కి, నవ్వుకుంటాను.