కొసరుగా వచ్చిన డిస్కు

కంప్యూటరు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వేడి దుమ్ము వాసన తగిలితే చాలు, నేను కుదిర్చిన బేరాలన్నింటిలోకీ గొప్పది గుర్తొస్తుంది. నిన్న మా దుకాణానికి ఒకావిడ, డిస్కు కనిపించడం లేదంటూ కంప్యూటరు తెచ్చింది. నెత్తిమీదుగా విమానం దిగుతుంటే అద్దాల బీరువా సన్నగా అదిరింది. మూత తీశాను. అదే వాసన. ఒక్క ప్రింటరు రిబ్బను కొని, దానిమీద కొసరుగా ఏకంగా హార్డ్ డిస్కునే కొట్టుకొచ్చిన ఘనత శంషాబాద్ మొత్తానికి నాదొక్కదానిదే. దాన్ని బిగించి, నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటరు నోరు నొక్కేసిన ఘనత కూడా నాదే.

అప్పటికి ఇక్కడ విమానాలు లేవు. తొంభైల్లో బెంగుళూరు రోడ్డు మీద లారీల మోతే మా సంగీతం. నాన్న కోస్తా నుంచి వచ్చి బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టు పెట్టారు. "కొసరు లేకుండా కొన్నవాడు సగమే కొన్నట్టు" అనేవారాయన. నేను పాలతోపాటు తాగిన మాట అది. ఆ కొట్టుకు నాలుగు అంగళ్ల అవతల సలోమి మేడం టైపు ఇన్‌స్టిట్యూట్. గోడ వారగా టైపు మిషన్లు, మూలన పూల గుడ్డ కప్పుకున్న ఒకే ఒక్క కంప్యూటరు. దాని ముందు జీతానికి కూర్చునేదాన్ని నేను.

మేడంది పక్కూరు పాల్మాకుల. వాళ్లమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, చర్చిలో పాడే కీర్తనలు ఆమె నోట ఎన్ని ఉండేవో లెక్కలేదు. వాటిని పుస్తకం చేయాలని మేడం కోరిక. మధ్యాహ్నం పూట అవ్వ నా పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కో చరణం పాడేది, నేను టైపు కొట్టేదాన్ని.

"ఏందే పిల్లా, గా డబ్బ నా పాట తింటదా?"

"తినదు అవ్వా, దాచుకుంటుంది."

"దాసుకుంటె మంచిదే. మా సలోమి ఏది దాసినా యాడ వెట్టిందో మర్శిపోతది."

పాటలు ఫ్లాపీల్లో కూడా ఎక్కించమని మేడం ఎన్నోసార్లు చెప్పారు. అట్లాగేనండి అని, ఆ ఫ్లాపీలనే చెరిపి పెళ్లి పత్రికలకు వాడేదాన్ని. కొత్తవి కొనడమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

ఒకరోజు అవ్వ ఒక నాట్ల పాట సగం పాడి ఆయాసంతో ఆగింది. "మిగిలింది రేపు పాడుత. నువ్వు రావాలె మల్ల." ఆ రేపు నేను లేను. రిబ్బను అరిగిపోయింది. మన బజార్లోనే దొరికేది, కానీ కాస్త ధర ఎక్కువని సికింద్రాబాద్ బస్సెక్కాను. పొద్దంతా బేరమాడి, అక్కడి కొట్టాయన నన్ను వదిలించుకోవడానికి పక్కనపడేసిన పాత డిస్కును చేతిలో పెడితే, ఏదో రాజ్యం గెలిచినట్టు తిరిగొచ్చాను. ఆ సాయంత్రమే అవ్వకు పక్షవాతం కొట్టి మాట పడిపోయిందని తెలిసింది. మేడం దవాఖానలో ఉండిపోయారు.

ఇన్‌స్టిట్యూట్‌లో నేనొక్కదాన్నే. ఊరికే వచ్చిన వస్తువు ఊరికే పడుంటే మా వంశమే సహించదు. కంప్యూటరు విప్పి, పాత డిస్కును మంచి డిస్కు పక్కన తగిలించాను. డిస్కు వెనక సూదుల వరుసకు తొడిగే గోరంత నల్ల టోపీ ఒకటుంటుంది. ఒకే తీగకు రెండు డిస్కులుంటే ఏది పెత్తందారు, ఏది దాని కిందది అని కంప్యూటరుకు చెప్పేది ఆ టోపీయే. కొసరు డిస్కుకు అది లేదు. మంచిదాని టోపీ తీసి దీనికి తొడిగాను. ఎంత తెలివి!

మీట నొక్కితే తెర మీద డిస్కు పేరుండాల్సిన చోటు ఖాళీ. మళ్లీ నొక్కాను. ఖాళీ. మాట పడిపోయిన అవ్వ పాటలన్నీ ఆ ఒక్క డిస్కులో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. కొసరు డిస్కును పీకి నా సంచిలో దాచేశాను. అయినా ఖాళీయే.

మర్నాడు మేడం వచ్చారు. కళ్లు వాచి ఉన్నాయి. "రమా, పాటలు జర ప్రింటు తియ్యి. పక్కన కూసొని చదివితే అమ్మకు ఇనవడ్తదంట, డాక్టరు చెప్పిండు."

"డిస్కు... కనబడట్లేదండి."

ఆమె వెంటనే నగరంలోని మెకానిక్‌కు ఫోను చేశారు. డిస్కు చచ్చిపోయుంటుంది, కొత్తది వేసుకోండన్నాడు. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. డిస్కు చచ్చిందంటే నా దొంగపని కూడా దానితోపాటే మట్టిలో కలుస్తుంది. నాకు భయమేసింది ఆ యంత్రాన్ని చూసి కాదు, అలా సంతోషించిన నన్ను చూసుకుని.

మేడం దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏది చెడిపోయినా, దాన్ని ముట్టుకునే ముందు అందరినీ కూర్చోబెట్టి, ఎవరు చివరగా ఏం చేశారో చెప్పించేవారు. మొదట తన తప్పే చెప్పేవారు. ఆ రోజూ అంతే. "నిన్న దవాఖాన కెల్లి ఫోనొస్తె కరెంటు బంద్ చెయ్యకుండనే ఉరికిన. గది నా తప్పు. యాదమ్మా, నువ్వు?"

ఊడ్చే యాదమ్మ చీపురు కింద పెట్టింది. "నేను బట్టతోని తుడిసిన మేడం. లోపట ఏలు వెట్టలే. గా డబ్బకు నాకంటె గీ పిల్లనే దగ్గరి సుట్టం."

"రమా?"

నా సంచి నా ఒళ్లోనే ఉంది. లోపలి డిస్కు తొడకు గుచ్చుకుంటోంది.

"ఎవరినో అనేటందుకు కాదు పిల్లా," అన్నారామె నా మొహం చూస్తూ. "ఆఖరి చెయ్యి యాడ వడ్డదో తెలిస్తె ఆడికెళ్లి ఎనకకు వోతం. గంతే."

సంచి తెరిచి డిస్కు బల్ల మీద పెట్టాను. మేడం దాన్ని తిప్పి చూశారు, డబ్బా విప్పి మంచి డిస్కునూ చూశారు. గోళ్లతో కొసరుదాని టోపీ తీసి మళ్లీ మంచిదానికి తొడిగారు. మీట మాత్రం నన్నే నొక్కమన్నారు. డిస్కు తిరుగుతున్న సన్నని రొద, ఆ తర్వాత తెర మీద దాని పేరు. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను.

"తిట్టండి మేడం."

"తిట్టుడు ఎనక. ముందుగాల ప్రింటు తియ్యి, అమ్మ సూస్తుంటది."

కొత్త రిబ్బను నల్లగా, చక్కగా పడింది. దవాఖానలో మంచం పక్కన మేడం చదువుతుంటే అవ్వ కళ్లు మెరిసేవి. చివరి కాగితం దగ్గర మేడం ఆగారు. వెనక్కి తిప్పారు. ఖాళీ.

"ఇగ లేదా?"

"మిగతాది మర్నాడు పాడతానందండి. నేను ఆ రోజు బజారుకు పోయాను."

అవ్వ పెదవులు కదిలాయి. ఎంత వంగినా మాకేమీ వినిపించలేదు. మేడం నన్ను తిట్టలేదు, ఆ తర్వాత కూడా. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

నిన్నటి ఆవిడ కూడా ముందు నేనేం ముట్టుకోలేదనే అంది. నేను స్టూలు లాగి కూర్చోబెట్టి, ఈ కథలో నా వంతు చెప్పాను. అప్పుడు ఆమె, "దుమ్ము దులుపుతూ లోపలి తీగ పీకి మళ్లీ గుచ్చానండి" అంది. సరిగా గుచ్చాను, డిస్కు కనిపించింది. డబ్బులిస్తూ ఆమె బేరమాడింది. బాగానే ఆడింది. నేనూ తగ్గించాను.

నా పాత బేరం బిల్లు మాత్రం ఇన్నేళ్లయినా తగ్గలేదు. రిబ్బను, సగం ధరకు. బస్సు ఛార్జీ, రానూ పోనూ. డిస్కు, ఊరికే. నాట్ల పాట, సగం.