మగ్గం గుంతలో పచ్చ ఉడుము

ఈ పొద్దున ఎవరో మా గేటు దగ్గర ఒక అట్టపెట్టె దింపి, పిలవకుండానే వెళ్లిపోయారు. మూత తీయగానే మాగిన బొప్పాయి తొక్క, తడి ఇసుక, నలిగిన ఆకులు కలగలిసిన వాసన గుప్పుమంది. లోపల మూరెడు పొడవు ఇగ్వానా, ఉడుములాంటి పచ్చటి పరదేశపు బల్లి, మెడ కింద తోలు వేలాడేసుకుని ఒక కంటితో నన్ను చూస్తోంది. హసన్‌పర్తిలో మా ఇంటి వెనక దొడ్డి నిండా ఇలా పరదేశాల నుంచి ముచ్చటపడి తెప్పించుకుని, మోజు తీరాక వదిలించుకున్న జీవాలే ఉన్నాయి. ఏళ్లుగా ఇదే నా పని. అయినా ఈ వాసన తగిలితే మాత్రం నేను మూడో తరగతి పిల్లనై, కాశిబుగ్గలో మా పెద్దమ్మ మగ్గాల కొట్టంలో నిలబడతాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, నర్సమ్మ. ఆమె భర్త పెద్దబాపు జంఖానాలనే నూలు తివాచీలు నేసేవాడు. సెలవొస్తే చాలు, నన్ను వాళ్లింట్లో దింపేవారు. నూలుకు రంగు వేసే పొయ్యి పొగ, పులిసిన గంజి వాసన, పొద్దుగూకేదాకా మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె టకటకలు, వానాకాలం మక్కగారెలు, ఎండాకాలం ఉల్లిగడ్డ నంజుకుంటూ తాగే జొన్న అంబలి, ఇవన్నీ ఒకెత్తు. కొట్టంలో గోడ పొడవునా ఉన్న గంపలు, తొట్లు, పంజరాలు ఒకెత్తు. మొదట వచ్చింది ఒక తాబేలట. హనుమకొండలో ఎవరో వాస్తుకు మంచిదని గాజుతొట్టిలో పెంచితే అది పళ్లెమంత అయి కూర్చుంది. చెరువులో వదలబోతుంటే పెద్దమ్మ అడ్డుపడి, పశువుల దవాఖాన డాక్టరును అడిగింది. బయటి దేశపు తాబేలు మన చెరువు తాబేళ్ల తిండికి ఎసరు పెడుతుందని ఆయన చెప్పాడు. దాంతో ఇంటికి తెచ్చుకుంది. ఆ తరువాత తెల్ల ఎలుకలు, గినీ పందులు, తలపై కుచ్చున్న పసుపుపచ్చ పిట్టలు వచ్చాయి. ఎవరికి ఏది బరువైనా నర్సమ్మకిస్తే ఉంచుకుంటుందన్న మాట బజార్లన్నీ పాకింది.

ఇగ్వానాను తెచ్చింది మట్టెవాడలో బట్టల దుకాణం నడిపే ఒక సేటు. కొడుకు పుట్టినరోజుకు హైదరాబాదులో కొన్నాడట. తెచ్చినప్పుడు బల్లి అంత ఉన్నది పెరిగి పెరిగి, తోకతో ఇల్లాలి పిక్క మీద వాత తేలేలా కొట్టింది. పెద్దమ్మ ఎవరినైనా అడిగే మాటలే ఆయననూ అడిగింది. "ఇదేం తింటది? దేనికి భయపడ్తది?" మొదటిదానికి ఆకులని చెప్పాడు గానీ, రెండోది అడిగేసరికి చెప్పులు వేసుకున్నాడు. ఆయన వెళ్లాక పెద్దబాపు గొణిగాడు. ఉడుము ఇంట్లో దూరితేనే అరిష్టమంటారు, మనం పిలిచి పీట వేయడమేమిటని ఆయన బాధ. పెద్దమ్మ మాత్రం, పని ఆగిపోయిన రెండో మగ్గం కింద నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలో ఇసుక పోసి దాన్ని అందులో దింపింది.

నాకు ఇక వేరే ఆట లేదు. అచ్చంగిల్లలు, తొక్కుడుబిళ్ల మానేసి ఆ గుంత గట్టున బోర్లా పడుకునేదాన్ని. దాని నడినెత్తి మీద ముత్యమంత తెల్లటి పొలుసు ఉండేది. అదేమిటో తెలియక నిద్రపట్టకపోతే పెద్దమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అది మూడో కన్ను లాంటిదని, దాంతో వెలుగూ నీడా తెలుస్తాయని ఆయన అన్నాడు. పెద్దబాపు నేస్తుంటే అది తల పైకీ కిందికీ ఆడించేది. కొన్నాళ్లకు ఆయనే నన్ను పిలిచి, "జర చూడు బిడ్డా, నా నేత బాగుందంటాంది" అన్నాడు.

బతుకమ్మ నాడు గొడవైంది. పక్కింటి రాజవ్వ గౌరమ్మ కోసం తెంపి పెట్టుకున్న గుమ్మడి పూలను అది గుంత ఎక్కి వచ్చి ఒక్కటీ మిగల్చకుండా తిన్నది. రాజవ్వ ఏడ్చింది. అదే వారంలో ఎవరి పిల్లకో జ్వరమొచ్చింది. వీధి పెద్దలు వచ్చి కూర్చుని, కార్తీకం వెళ్లేలోగా ఆ జీవాన్ని ఎటైనా పంపాలని గట్టిగానే చెప్పారు. పెద్దమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చింది, మాట ఇవ్వలేదు.

కార్తీకం చివర్లో చలి విరుచుకుపడింది. ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి ఇగ్వానా గుంతలో కట్టెలా బిగుసుకుపోయి, రంగు మాసి, పక్కకు ఒరిగి ఉంది. పెద్దమ్మ గట్టున కూలబడింది. వాకిట్లో నలుగురూ చేరారు. పీడ పోయిందని ఎవరో మెల్లగా అన్నారు. పాతిపెడతానని గడ్డపార తీసుకుని వచ్చిన పెద్దబాపు దాన్ని ఎత్తబోయి ఆగాడు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఊపిరాడ్తాంది. పొయ్యి ముట్టియ్యే" అన్నాడు.

రంగు పొయ్యి పక్కన జంఖానా పరిచి దాన్ని పడుకోబెట్టాడు. వచ్చినవాళ్లెవరూ కదలలేదు. రాజవ్వ ముందుకు వంగి, "బతుకుతదా?" అని అడిగి, జవాబు రాకముందే ఇంట్లోకి పోయి తను కప్పుకునే చెద్దరు తెచ్చింది. అన్నం వేళకు దాని వేలు ఒకటి కదిలింది, తరువాత కన్ను తెరుచుకుంది. వేడి దేశపు జీవం చలికి అలా కొయ్యబారుతుందని డాక్టరు తరువాత చెప్పాడు. ఆ రోజు మాత్రం వీధి వీధంతా ఊపిరి బిగబట్టి ఒక బల్లి కన్ను తెరవడాన్ని చూసింది. కార్తీకం దాటింది. గడువు మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటేడు గౌరమ్మకు పెట్టగా మిగిలిన పూలన్నీ రాజవ్వే తెచ్చి గుంతలో వేసింది.

అది ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు. కొట్టం ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు లేచింది. పెద్దబాపు లేడు, రాజవ్వ లేదు. ఒక కొత్త జీవం వచ్చిందంటే పనులాపుకుని చుట్టూ మూగి, ఇదేం తింటది, ఎట్ల పండుకుంటదని గంటలకొద్దీ అడిగే జనమూ లేరు. పెద్దమ్మ చివరి రోజులు నా దగ్గరే గడిచాయి. ఇదంతా ఎందుకు మొదలుపెట్టావని ఒక మధ్యాహ్నం అడిగాను. ఆమె నన్నే వింతగా చూసింది.

"తెచ్చినోళ్లు మళ్ల రారని దానికెట్ల చెప్తం బిడ్డా? చెప్పరాదు గద. అందుకే ఉంచుకున్న."