దావత్‌కు రమ్మన్న మెయిల్

మా కుట్టు సెంటర్లో ఫోన్‌కున్న దర్జా నాకు లేదు. దానికి గోడలో ఒక అర, అరలో మెత్తటి గుడ్డ, ఆ గుడ్డ మీద ఫోన్. చెయ్యి తుడుచుకోకుండా ఎవరైనా ముట్టుకుంటే ఆపా ఊరుకోదు. ఆపా అంటే అక్క; నాకంటే పెద్దది, నా భాగస్వామి. మెదక్‌లో ఈ సెంటర్‌ను మేమిద్దరం కలిసి పెట్టాం. కత్తెర ఆమెది, మెయిల్ నాది. డిగ్రీలో ఇంగ్లీషు ఎలాగో గట్టెక్కిన పాపానికి ఆ ఫోన్ నా మెడకు చుట్టుకుంది.

హైదరాబాద్ కంపెనీలతో పెద్ద చిక్కు. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు. మెయిల్ పెడితే ఫోన్ చేసి పెట్టారా అని అడుగుతారు. పొద్దున లేస్తే టింగు టింగుమని ఒకటే మోత. తెరిచి చూస్తే బ్యాంకువాళ్ల పండగ శుభాకాంక్షలు, చైనా నుంచి జిప్పులు అమ్ముతామనే ఒక మహానుభావుడు, నా జన్మలో పోని గోవాలో గదులు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటన్నిటినీ వేలితో పక్కకు తోస్తూ పోతే ఎక్కడో అడుగున ఒక పనికొచ్చే మెయిల్ దొరుకుతుంది.

దొరికింది కదా అని నేను ఒక్కదాన్నే చదువుకుంటే కుదరదు. మా దగ్గర రివాజు ఏమిటంటే, సాయంత్రం చాయ్ వేళకు మెషీన్లు ఆపేస్తాం, నేను మెయిళ్లు పైకి చదివి తెలుగులో చెప్పాలి. జవాబు ఏం రాయాలో అందరూ కలిసి తేలుస్తారు. "పని అందరిది, ముచ్చట గూడ అందరిదే" అంటుంది ఆపా. దాంతో ఒక్క లైను జవాబుకు రెండు కెటిళ్ల చాయ్ అయిపోయేది. నేను విసుక్కునేదాన్ని, కానీ ఆ వేళ కోసమే పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని.

ఆ మెయిళ్లలో మావాళ్లకు బాగా పరిచయమైంది ఒక హోటల్ కంపెనీ మేడం. సిబ్బంది యూనిఫాంల కోసం మా దగ్గర శాంపిల్ తీసుకుంది. ఎంత రాసినా ఆమె జవాబు ఒక్క ముక్కే. "అందింది." లేదా "మళ్లీ పంపండి." కింద రిగార్డ్స్. చూసి చూసి మావాళ్లు ఆమెకు రిగార్డ్స్ మేడం అని పేరు పెట్టేశారు. నవ్వుకునేవాళ్లమే గానీ లోపల అందరికీ గుబులే. పెళ్లిళ్ల సీజన్ అయిపోతే మా మెషీన్లు సగం ఖాళీ. ఆ ఆర్డరు వస్తే ఏడాదంతా అందరికీ పని. రాకపోతే కొందరిని ఇంటికి పంపాలి. ఎవరిని పంపాలో చెప్పాల్సింది నేనూ ఆపానే, ఆ మాట మేమిద్దరం ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆపా కొడుకు పెళ్లి. టేక్మాల్‌లో నిఖా, మర్నాడు మెదక్‌లో పెళ్లికొడుకు ఇంటివాళ్లు ఇచ్చే విందు, వలీమా దావత్. సెంటర్ మూసేస్తే, ఆ రోజే మేడం మెయిల్ పెడితే? నేను ఫోన్ పట్టుకుని సెంటర్లోనే కూర్చుంటానన్నాను. ఆపా నా వైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడే మింగేశాను.

అప్పుడే ఫోన్‌లో ఒక సదుపాయం కనబడింది. మనం లేనప్పుడు ఎవరు మెయిల్ పెట్టినా దానంతట అదే జవాబు పంపుతుందట. సంబరపడిపోయి, "ఈరోజు సెలవు, రేపు జవాబిస్తాం" అని రాసి, రివాజు ప్రకారం చాయ్ దగ్గర చదివాను. ఆపా ముఖం చిట్లించింది.

"గట్లెట్ల రాస్తవ్? తాళం ఏసిన ఇంటికి ఎవలన్న వస్తె పక్కింటోళ్లు ఏం జెప్తరు? ఫలానా తాన దావత్ల ఉన్నరు, మీరు గూడ పోండ్రి అంటరు గద. గా ముచ్చట ఫోన్ జెప్తె తప్పేంది?"

"ఆపా, గట్ల రాస్తే కంపెనీలోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్. పిలువకుండ తింటె అన్నం ఒంటికి వడ్తదా?"

అందరూ ఆమె పక్షమే. నేను ఒక్కదాన్నే ఏం చేసేది? పెళ్లి సంగతి, ఫంక్షన్ హాలు పేరు, బస్టాండ్ నుంచి ఎలా రావాలో రాసి, "మేం దావత్‌లో ఉన్నాం, మీరు కూడా రండి, తినకుండా పోవద్దు" అని పెట్టాను. ఇంగ్లీషులో అది ఇంకా వింతగా ఉంది.

దావత్ రోజు సెంటర్ ఆడవాళ్లమంతా ఒకే తానులోంచి కోసిన చిలకపచ్చ బట్టలు వేసుకున్నాం. ఒకరికి పంజాబీ డ్రెస్, ఒకరికి జాకెట్, ఎవరికి నప్పినట్టు వాళ్లే కుట్టుకున్నారు. వడ్డనలో పడి ఫోన్ సంగతే మరిచాను. కాస్త తీరిక దొరికాక సంచీలోంచి తీసి చూద్దును కదా, మా పిలుపుకు జవాబుగా బ్యాంకు నుంచి "మీ అభ్యర్థన అందింది" అని వచ్చింది. చైనా మహానుభావుడు రాలేకపోతున్నందుకు బాధపడుతూ కొత్త జంటకు శుభాకాంక్షలు చెప్పాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు మూడో మెయిల్ దగ్గర ఆగిపోయింది. హోటల్ ఆఫీసు నుంచి. మేడం బయల్దేరారు, దారిలో నర్సాపూర్ దాటారు, మీ పని కళ్లారా చూడకుండా ఆర్డరు ఇవ్వరు అని. దాని కిందే మా ఫోన్ ఇచ్చిన జవాబు. తినకుండా పోవద్దు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సెంటర్‌కు తాళం, లోపల పెళ్లి బట్టల పీలికలు మోకాలి దాకా. పరుగున పోయి ఆపాకు చెప్పాను. ఆమె తాపీగా కొంగు సర్దుకుంది.

"రానియ్. పిలిచినం గద."

వచ్చింది. మెయిళ్లను బట్టి నేను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. పొట్టిగా, ఎండకు వాడిపోయి, చేతిలో ఫైలుతో ఆడవాళ్ల వైపు గుమ్మంలో నిలబడింది.

"ఆఫీసువాళ్లు మీ మెయిల్ నాకు పంపారు. ఇలాంటి జవాబు నేనెప్పుడూ చూడలేదు. నేను మెషీన్లు చూడ్డానికి వచ్చాను" అంది.

"మెషీన్లు ఏడికి వోవు మేడం. డ్రైవర్ సాబ్ గప్పుడే అటు దిక్కు తినవట్టె. మీరు గూడ కూసోండ్రి" అంది ఆపా.

మంచినీళ్లు తెచ్చిన మా మనిషి చిలకపచ్చ డ్రెస్ చేతి మీద మేడం చూపు పడింది. అడక్కుండానే ఆ చేతి అంచు తిప్పి లోపలి కుట్టు చూసింది. పక్కనున్నావిడ భుజం కుట్టు చూసింది. ఆ తర్వాత జాకెట్ చంక కుట్టు పట్టి కొంచెం లాగింది.

"గుంజుండ్రి మేడం, ఏం గాదు" అంది ఆ జాకెట్ మనిషి.

ఇంకేముంది, ఎవరూ చెప్పకుండానే అందరూ వరస కట్టారు. చేతులు చాచేవాళ్లు, వెనక్కి తిరిగి నిలబడేవాళ్లు. చివరికి ఆపా పెళ్లికూతురి కుర్తా అంచు కూడా తిప్పి చూపించింది. ఆ పిల్ల సిగ్గుతో నవ్వింది. నాకు మాత్రం ఆ వరసలో ప్రతి ముఖం చూస్తుంటే, ఇందులో ఒక్కరిని కూడా ఇంటికి పంపే గతి పట్టించకు దేవుడా అనిపించింది.

మేడం ఫైలు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని మా మధ్య కూర్చుంది. బగారా అన్నం, దాల్చా సగం అయ్యాక నేనింక ఉండబట్టలేక అడిగాను.

"మేడం, మరి ఆర్డరు..."

"నోటి మాట నాకు అలవాటు లేదు. మెయిల్ పెడతాను" అని ఎడమ చేత్తో తన ఫోన్ తీసి బొటనవేలితో ఏదో నొక్కింది.

నా ఒళ్లో ఫోన్ టింగుమంది. వడ్డించేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగారు.

"సదువు" అంది ఆపా. వచ్చి నా భుజం పట్టుకుంది.

పైకి చదివాను. "ఆర్డరు మీకే. ఏడాది మొత్తానికి. రిగార్డ్స్." చివరి ముక్క అందరూ నాతో కలిసి చదివారు. ఆపా నన్ను పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను, ఎవరో ఏడుస్తూనే నవ్వుతున్నారు.

ఆ గోలలో మేడం ఫోన్ టింగుమంది. ఇందాకటి మెయిల్ ఆఫీసు అడ్రసు నుంచి వచ్చింది, ఇది ఆమె సొంత అడ్రసు నుంచి. మా ఫోన్ ఆమెను కొత్త చుట్టమనుకుని మళ్లీ అదే జవాబు పంపి మర్యాద చేసింది. మేడం ఒకసారి మా ముఖాలు చూసి, మా రివాజు తనకు ఎప్పటి నుంచో తెలిసినట్టు పైకి చదివింది.

"మేం దావత్‌లో ఉన్నాం. మీరు కూడా రండి. తినకుండా పోవద్దు."

తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, పళ్లెం ముందుకు జరిపింది.

"అయితే జర బగారా వెయ్యండి."

నేను అందుకున్న గిన్నెను లాక్కుని ఆపానే వడ్డించింది.