చెట్లు లేని దేశంలో బుచ్చన్న

బుచ్చన్న ఖతర్ వచ్చిందే చెట్లకు దూరంగా బతకడానికి.

జగిత్యాల జిల్లాలో, కోరుట్ల పక్కనే ఉన్న ఊళ్ళో అతను ఇరవై ఆరేళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే మోకు, పాదాలకు తగిలించుకునే గుజి, ఈ రెండు తాళ్ళే అతని ప్రాణానికి కాపలా. మార్చాలి మార్చాలి అనుకుంటూ వచ్చిన పాత మోకు ఓ పొద్దున అతను మార్చకముందే తెగింది. పొలం గట్టు మీద పడ్డాడు. ఎడమ భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. కరీంనగర్ ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి భార్య రాములవ్వ అతని కుడిచేతిని లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుని ఉంది.

"ఇగ చెట్టెక్కనని ఒట్టు వెయ్యి."

వేశాడు. వెనక్కి తీసుకుందామన్నా రెండో చెయ్యి కట్టులో ఉంది.

కాస్త కోలుకున్నాక గల్ఫ్ ఏజెంటు ఇంటికొచ్చాడు. రాములవ్వ అడిగింది జీతం గురించి కాదు.

"దుబాయ్‌ల చెట్లుంటయా?"

"దుబాయ్ కాదక్కా, ఖతర్. చెట్లేడియి, అంత ఇసుకనే. నీడకు నిలవడుదామంటె దొరకది."

ఆ మాటకు సంతోషించి మొగుణ్ణి విమానమెక్కించిన ఆడమనిషి బహుశా ఆమె ఒక్కతే అయివుంటుంది.

ఖతర్‌లో దిగాక కంపెనీ బస్సు అల్ రయ్యాన్ దాటి పడమరగా వెళ్ళి ఓ తోట ముందు ఆగింది. లోపల మూడు వందల పైచిలుకు ఖర్జూరపు చెట్లు. ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్‌ది నిజామాబాద్. వచ్చిన పదకొండు మందినీ వరుసలో నిలబెట్టి, "చెట్టెక్కుడు వచ్చినోళ్ళు ఎవలున్నరు?" అని అడిగాడు. పదిమందీ నేలచూపులు చూశారు. బుచ్చన్న కూడా నేలనే చూద్దామనుకున్నాడు. కానీ చెట్టు పక్కన నిలబడి తనకు చెట్టెక్కడం రాదని చెప్పడం అతని నోటికి అలవాటు లేదు. చెయ్యెత్తాడు.

ఇంటికి మాత్రం మొక్కలకు నీళ్ళు పట్టే పని అని చెప్పాడు. మధ్యాహ్నం రాములవ్వ ఫోన్ చేసినప్పుడు గాలికి మట్టలు గలగలమనేవి.

"ఏంది గా సప్పుడు?"

"ఏసీ."

"బయటగూడ ఏసీ పెడ్తరా?"

"గొప్పోళ్ళ దేశమే ఇది."

ఆ అబద్ధం మీద ఆరేళ్ళు గడిచాయి.

నిరుడు సెప్టెంబరులో తోట యజమాని కొడుకు ఫహద్‌కు వేట పిచ్చి పట్టింది. అమెరికాలో చదువుకున్న రోజుల నాటి స్నేహితుడు జింకల వేటకు పిలిచాడట. అక్కడ చెట్టు కాండానికి ఇనుప కుర్చీ బిగించుకుని, అందులో గంటల తరబడి కదలకుండా కూర్చుంటారట. మన పక్క పందుల కాపలాకు చేలో వేసుకునే మంచె లాంటిదే. కాకపోతే కొరియర్‌లో వస్తుంది. వచ్చింది కూడా. ఓ పెద్ద అట్టపెట్టె, దాంతోపాటు స్పాంజితో చేసిన జింక ఒకటి. ముందు తోటలో సాధన చేసి ఆ తర్వాత విమానం ఎక్కాలని ఫహద్ ఆలోచన.

పనివాళ్ళు బాబా అని పిలిచే ఫహద్ తండ్రి రెండు షరతులు పెట్టాడు. తోటలోకి తుపాకీ రాకూడదు, దాని బదులు కర్ర పట్టుకోవాలి. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూశాకే చెట్టెక్కాలి.

అలా ఒక శుక్రవారం ఉదయం నగరంలోని మదీనత్ ఖలీఫా నుంచి సేఫ్టీ ఆఫీసరు భరణి కారులో వచ్చింది. కాకినాడ అమ్మాయి, ఇంజనీరింగ్ చదివింది, ముప్పై ఏళ్ళుంటాయి. హెల్మెట్ పెట్టుకుని, పెట్టెలోని పుస్తకం తీసి తిరగేసింది. కుర్చీ బిగించే పద్ధతి మూడు పేజీలు, పడిపోకుండా జాగ్రత్తలు పదిహేడు పేజీలు.

ఫహద్ తోటలోకెల్లా ఎత్తయిన ఖర్జూరపు చెట్టు చూపించాడు. బుచ్చన్న తల అడ్డంగా ఊపాడు.

"దానికొద్దు మేడం. కోసిన మట్టల మొండాలమీద పట్టీ కూసుంటది. బరువు పడంగనే మొండెం ఊడుతది, కుర్చీ జారుతది. గా యాపచెట్టుకు పెట్టుండ్రి."

భరణి పుస్తకమంతా వెతికింది. నిటారుగా ఉన్న, బతికున్న, గట్టి చెట్టు అని మాత్రమే ఉంది. దాన్ని రాసినవాళ్ళు ఖర్జూరపు చెట్టును చూసినట్టు లేదు. వేపచెట్టే ఖాయమైంది. నిచ్చెన మెట్లూ కుర్చీ పదిహేను అడుగుల ఎత్తున బిగించారు. ఆ పని నిచ్చెన లారీ తెప్పించి, కంపెనీ మనుషులు చేశారు. ఎందుకంటే బుచ్చన్న ఎక్కబోతే భరణి ఆపింది.

"హైట్ వర్క్ సర్టిఫికెట్ ఉందాండీ మీకు?"

"గదేంది?"

"ఎత్తులో పనిచేయడానికి ట్రైనింగ్ కార్డండీ. అది లేకుండా ఎక్కడానికి వీల్లేదు."

"మరి రేపు పొద్దుగాల గా నలభై అడుగుల చెట్టెక్కి మట్టలు కొట్టాలె గద మేడం?"

 "అది వ్యవసాయం కిందకి వస్తుందండీ," అంది భరణి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పుస్తకంలోకే చూసింది.

తర్వాత ఫహద్‌కు పాఠం మొదలైంది. నేలమీద ఉండగానే బెల్టు కట్టుకోవాలి. కింది నుంచి పైదాకా చెట్టుకు కట్టిన తాడుకు బెల్టు తగిలించుకునే ఎక్కాలి, దిగాలి. రెండు కాళ్ళు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు చెట్టును అంటుకుని ఉండాలి. తుపాకీ చేత్తో పట్టుకుని ఎక్కకూడదు, గుండ్లు తీసేసి తర్వాత తాడుతో లాక్కోవాలి. ఎక్కే ముందు ప్రతి పట్టీ తడిమి చూడాలి. ఎక్కడికి పోతున్నదీ ఎవరికైనా చెప్పి పోవాలి. బుచ్చన్న దూరంగా గొంతుక్కూచుని విన్నాడు. వాళ్ళ తాత చెప్పినవే ఇవన్నీ. తాతకు పేజీ నంబర్లు తెలియవు, అంతే తేడా. ఆ ఒక్క పొద్దున తను తాత మాట విని మోకు తడిమి చూసుకుని ఉంటే ఇక్కడ ఉండేవాడు కాదు.

ఫహద్ చక్కగా బెల్టు కట్టుకుని ఎక్కాడు. కూర్చున్నాడు. కర్ర గురిపెట్టి జింకను చూశాడు. స్పాంజి జింక కదల్లేదు. పది నిమిషాలకు విసుగొచ్చి ఫోన్ తీశాడు. ఫోన్ చేతిలోంచి జారింది. పట్టుకోబోయి అతనూ జారాడు.

బెల్టు ఆపింది. ఫహద్ కుర్చీ కింద గాల్లో ఊగుతూ ఉండిపోయాడు. కింద చప్పట్లు మోగాయి. భరణి మొహం వెలిగిపోయింది. పాఠం చెప్పిన గంటలోపే పాఠం నిజమవడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి. ఇక్రాముద్దీన్ వీడియో తీస్తున్నాడు.

"మాఫీ ముష్కిల్!" ఏం పర్లేదని పైనుంచి ఫహద్ నవ్వాడు. ఆ తర్వాత, "యల్లా, దింపండి," అన్నాడు.

ఎలా దింపాలో ముందుగా ఎవరూ ఆలోచించలేదు. వీపు చెట్టువైపు ఉంది, చేతికి మెట్టు అందదు. నిచ్చెన లారీ వెళ్ళిపోయింది. భరణి గబగబా పేజీలు తిప్పింది. పదిహేనో పేజీలో ఉంది. బెల్టులో ఎక్కువసేపు వేలాడితే తొడల దగ్గర పట్టీలు నొక్కి రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది, స్పృహ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు. పాదం పెట్టి నిలబడటానికి ఇచ్చిన పట్టీని వెంటనే వాడాలి. ఆ పట్టీ అట్టపెట్టెలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు.

ఫహద్ నవ్వు ఆగిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయని ఒకసారి అన్నాడు. రెండోసారి అన్నప్పుడు గొంతు సన్నబడింది.

బుచ్చన్న ఎవరినీ అడగలేదు. చెట్లెక్కే తన తాడు నడుముకూ వేపకూ చుట్టుకుని ఎక్కేశాడు. ఇంకో తాడు ముక్కను గుజిలా ముడివేసి, ఫహద్ బెల్టుకు కట్టి కిందికి వదిలాడు.

"గీ ఉచ్చుల కాలు పెట్టు. నిలవడు."

తెలుగు రాకపోయినా ఫహద్‌కు అర్థమైంది. ఉచ్చులో పాదం పెట్టి నిలబడ్డాడు. పట్టీలు వదులయ్యాయి, మొహంలోకి రంగు వచ్చింది. బుచ్చన్న అతని భుజం పట్టి మెల్లగా చెట్టువైపు తిప్పాడు, చేతిని మెట్టుమీద పెట్టాడు. ఒక్కో మెట్టూ దింపుతూ నేలకు చేర్చాడు.

బాబా వచ్చి బుచ్చన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కృతజ్ఞతగా ఓ పెద్ద పెట్టె ఖర్జూరాలు ఇచ్చాడు. అవి పోయిన నెల బుచ్చన్న కోసినవే.

భరణి అతని పక్కన అరుగుమీద కూర్చుని రిపోర్టు నింపింది. నిబంధన ఉల్లంఘన జరిగిందా అన్న చోట అవునని రాసి, బుచ్చన్న పేరు రాసింది.

"తప్పదండీ. సర్టిఫికెట్ లేకుండా ఎక్కారు కదా. మీరు ఎక్కకపోతే ఆయన ఏమైపోయేవారో రాయడానికి ఈ ఫారంలో గడి లేదు."

"ఉద్యోగం పోతదా బిడ్డా?"

"పోదండీ. ఉల్లంఘన రాస్తేనే సవరణ చర్య రాయొచ్చు. తోటలో చెట్లెక్కే వాళ్ళందరికీ ట్రైనింగ్, బెల్టులు ఇవ్వాలని రాశాను. మెచ్చుకుంటూ రాస్తే మీకు ఖర్జూరాలే వస్తాయి."

ఈలోగా ఇక్రాముద్దీన్ తీసిన వీడియో కోరుట్ల చేరింది. రాములవ్వ ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా, గా చెట్టుమీద ఉన్నదెవలు?"

"ఒక్కసారే ఎక్కిన. మనిషి పానం పోతుంటె ఎట్ల సూసుకుంట ఉండాలె?"

"ఒక్కసారి ఎక్కినోని లెక్కనే ఎక్కినవా? రోజు ఎక్కుతున్నోని కాలు గది. నేను కల్లుగీసే గౌండ్ల ఇంట్ల పుట్టిన, నాకు తెల్వదా?"

ఆ తర్వాత పదిహేను రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు.

సవరణ చర్య ఎవరూ ఊహించనంత వేగంగా వచ్చింది. తోట నుంచి నలుగురిని శిక్షణకు పంపారు. అక్కడ ఏడడుగుల ఇనుప చట్రం ఎక్కి దిగమన్నారు. మొదటి రోజు బుచ్చన్న ఫెయిలయ్యాడు. చెప్పులు విప్పి ఎక్కాడని మార్కులు తగ్గించారు. రెండో రోజు బూట్లతో ఎక్కి కార్డు తెచ్చుకున్నాడు, బెల్టు తెచ్చుకున్నాడు. బెల్టు కట్టుకుని నిలబడిన ఫొటో ఇంటికి పంపాడు. ఫోన్ వెంటనే మోగింది.

"ఫొటో ఎందుకు? వేలాడి సూపియ్యి."

ఇక్రాముద్దీన్ ఫోన్ పట్టుకున్నాడు. బుచ్చన్న వేపచెట్టెక్కి, తాడు తగిలించుకుని, పాదాన్ని ఉచ్చులో పెట్టి చేతులు వదిలేశాడు. మనిషి గాల్లో మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటే రాములవ్వ చూసింది.

"దిగాల్నా?"

"ఇంకింత సేపుండు," అంది ఆమె. కూర కలుపుతున్న గరిటె చప్పుడు వినబడింది. ఆరేళ్ళ అబద్ధానికి ఆరు నిమిషాలు వేలాడదీసి, అప్పుడు దిగమంది.

నవంబరులో ఫహద్ అమెరికా వెళ్ళాడు. అక్కడ వారమంతా వాన. చెట్లు జారుతున్నాయని వాళ్ళు అతన్ని నేలమీద గుడారంలో కూర్చోబెట్టారట. జింక కనబడలేదట.

ఫిబ్రవరిలో ఖర్జూరానికి పూత వచ్చింది. మగ పూత తెచ్చి ఆడ పూతమీద దులపడానికి ప్రతి చెట్టూ ఎక్కాల్సిన రోజులు. బెల్టు తడమడం, తాడు తగిలించడం, కొక్కెం బిగిసిందో లేదో తిప్పి చూడటం, ఇదంతా అయ్యేసరికి పూటకు ఇరవై చెట్లయ్యేవి పన్నెండే అవుతున్నాయి. ఇక్రాముద్దీన్ కింద నిలబడి గడియారం చూసుకున్నాడు.

"అరె బుచ్చన్నా, గింత టైం పడ్తె ఎట్ల?"

బుచ్చన్న సగం చెట్టుమీద ఆగి, కొక్కెం ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

"పడనియ్యి భాయ్," అన్నాడు. "టైం పడ్తె ఏంగాదు."