చదివించింది నన్ను, నేర్పింది చెల్లెలికి

మొన్న ఆదివారం పొద్దున ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కూర్చుని మనవరాలి తెలుగు నోటుపుస్తకం తిరగేస్తున్నాను. ‘నేర్పు’ అనే క్రియను సొంతవాక్యంలో ప్రయోగించమని వాళ్ల టీచరు ఇచ్చినట్టుంది, ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో ‘మా చిన్న నానీ నాకు గరిటె చెక్కడం నేర్పింది’ అని రాసుకుంది. నానీ అంటే అమ్మమ్మ, నేనే. చిన్న నానీ అంటే ఉదయగిరిలో ఉండే నా చెల్లెలు. అ ఆలు దిద్దించిన నాటినుంచి సంధులూ సమాసాల దాకా రోజూ పక్కన కూర్చోబెట్టుకున్నది నేనైతే, వేసవి సెలవుల్లో రెండు వారాలు గరిటెలు చెక్కించినందుకు ఆ వాక్యం కాస్తా మా చెల్లెలికి పోయింది. ఉండబట్టలేక, మరి నేనేం చేస్తున్నానే అని అడిగాను.

“నువ్వు చదువు చెప్తావు గదా నానీ, నేర్పేది చిన్న నానీ” అంది, తల ఎత్తకుండానే.

తప్పు పట్టడానికి వీల్లేని జవాబు. ఉద్యోగమంతా తెలుగు పంతులమ్మగా చేసినదాన్ని, ఆ తేడా నాకు తెలియనిది కాదు. పాఠం చెబుతాం, చదువు చెబుతాం. ఈత నేర్పుతాం, వంట నేర్పుతాం, సైకిలు తొక్కడం నేర్పుతాం. నేర్పు అంటే పనితనమనే అర్థమూ ఉంది కాబట్టి, ఒకరికి నేర్పడమంటే మన పనితనాన్ని తీసి వాళ్ల చేతిలో పెట్టడమేనని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమనేది. ఎందుకు కలుక్కుమనేదో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

మా నాయన ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కేవాడు. దుర్గం కొండ మీది కర్ర తెచ్చి, బాడిశతో చెక్కి, ఉలితో తొలిచి, ఆకురాయితో రాస్తుంటే ఇల్లంతా సన్నటి పొట్టు రాలేది. నేను బాగా చదువుతానని బడిలో ఎవరో చెప్పారట, ఆరో తరగతిలోనే నన్ను ఆత్మకూరులో మా పిన్ని ఇంట్లో పెట్టి బడిలో చేర్పించాడు. రెండేళ్లు చిన్నదైన చెల్లెలు అయిదుతో మానేసి నాయన పక్కన పీట వేసుకుంది. పెద్దదాన్ని చదివిస్తున్నా, చిన్నదానికి పని నేర్పుతున్నా అని వచ్చినవాళ్లందరితో సంబరంగా చెప్పుకునేవాడు. అందరూ నన్నే అదృష్టవంతురాలినన్నారు. నేను మాత్రం ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని కుళ్లిపోయేదాన్ని. చదివించడంలో మధ్యన ఇంకెవరో ఉంటారు, ఎక్కడో ఊళ్లో పంతుళ్లుంటారు. నేర్పడంలో నాయనా చెల్లెలూ తప్ప మూడోవాళ్లు లేరు. దాని వేళ్లకు కాయలు కాస్తే, ఆ కాయలు చూసి కూడా నాకు అసూయే.

పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన ఆ ఎండాకాలం చెల్లెలు మొదటిసారి తనంతట తాను ఒక ఫోర్కు చేసింది. నాలుగు సన్నటి పళ్లు, పిడి చివర చిలక బొమ్మ. నాయన దాన్ని జేబులో పెట్టుకుని అంగడి వీధంతా తిరిగి చూపించి వచ్చాడు. నా మార్కుల కాగితం ఏనాడూ అలా తిప్పలేదని నాకు మండిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లాడు, చెల్లెలు నీళ్లకు పోయింది. పీట మీద ఉన్న ఫోర్కును చేతిలోకి తీసుకున్నాను. పట్టుమని నిమిషం కూడా ఆలోచించలేదు, బొటనవేలితో నొక్కి ఒక పన్ను విరిచేసి, ఎక్కడిది అక్కడే పెట్టి, పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

నాయన వచ్చి, విరిగిన పన్ను చూసి, ఏమైందని అడిగాడు. నేను పుస్తకంలో పేజీ తిప్పాను. అప్పుడే బిందె దించుతున్న చెల్లెలు నా వైపు ఒక్కసారి చూసి, “నేనే నాయనా, చెయ్యి జారింది” అంది.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కొత్త కర్రముక్క తీసుకుని, చెల్లెల్ని తన ముందు కూర్చోబెట్టుకుని, వెనకనుంచి దాని మణికట్టు పట్టుకుని, “ఇట్టా రాయాల, ఊపిరి బిగబట్టి రాయాల” అంటూ పొద్దు గూకేదాకా పళ్లు చెక్కించాడు. నేను గడప దగ్గర పుస్తకం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. దానికి దక్కకూడదనుకున్నదాన్ని నా చేత్తో నేనే ఇంకో పూట దానికి ఇచ్చుకున్నాను.

ఆ తర్వాత ట్రైనింగు, ఉద్యోగం, పెళ్లి, నాయన పోవడం, అన్నీ జరిగాయి. చెల్లెలు ఏనాడూ ఆ ఊసెత్తలేదు. దాని మంచితనం తలుచుకుని ఎన్నేళ్లు సిగ్గుపడ్డానో. పోయిన వేసవిలో మనవరాలిని తీసుకుని ఉదయగిరి వెళ్లినప్పుడు, ఇద్దరమే ఉండగా, ఆ ఫోర్కు విరిచింది నేనని చెప్పేశాను.

“ఆ పొద్దే తెలుసు ఆపా” అంది. మా ఇళ్లలో అక్కను అట్లాగే పిలుస్తారు.

“మరి నీ మీద ఎందుకు ఏసుకున్నావే?”

ఆకురాయి ఆపకుండానే చెప్పింది. “నీ పేరు చెప్తే నాయన లేచొచ్చి నీ పక్కన కూర్చొని బుద్ధి చెప్తా ఉండిపొయ్యేవోడు. నువ్వు సెలవలకొస్తే నాకింక నాయన యాడుండాడు? పేపరు నీతోనే సదివించుకుండేవోడు, లోకంలో సంగతులన్నీ నీతోనే మాట్లాడేవోడు. నాకు నీ మాదిరి చదవనొచ్చా ఏందీ, పక్కకు జేరేదానికి? ఆ ఒక్క పూటన్నా నా కాడ ఉంటాడని చెప్పినా.”

మంచితనమని నేను మొక్కుతూ వచ్చింది మంచితనమే కాదు, నాలో ఉన్నదే దానిలోనూ ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

ఇప్పుడు ఉదయగిరిలో సగం పని మిషన్లు చేస్తున్నాయి. చెల్లెలి దగ్గరికి వచ్చే ఆడపిల్లలు ఫోనులో వీడియో చూసి కూడా ఫోర్కు పళ్లు చక్కగానే కోస్తున్నారు, బాగా త్వరగా పట్టేస్తున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాల్సిన అవసరం లేదు, ఒక మనిషి పక్కన చోటు కోసం అక్కాచెల్లెళ్లు కుళ్లుకోవాల్సిన పని అంతకంటే లేదు. మంచిదే అని పైకి అంటాను. కానీ నాయన పోయాక, ఆయన పక్కన ఎవరు కూర్చోవాలన్న తగువు తీరిపోయాక, ఆ తగువు కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.