జడ విప్పేదాకా

ధవళేశ్వరం నీటిపారుదల శాఖ క్వార్టర్సులో ఉండే రత్నమాణిక్యం మీద ఆమె భర్త వెంకటరాజు ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. ఇంట్లోంచి గెంటలేదు, తిండికి లోటు చెయ్యలేదు. ఏ సెక్షను కిందికీ రాని పని ఒకటి చేశాడు: ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే కూతురిని పిలిచి, "సత్యకుమారీ, మీ అమ్మని మజ్జిగ వెయ్యమను" అనేవాడు. చట్టం దీన్ని నేరమనదు. అనకపోవడం చట్టం తప్పు.

కారణం కోలాటం. 2001 వేసవిలో పక్కవీధి సంపూర్ణమ్మ గారి వాకిట్లో ఆడవాళ్ళకు కోలాటం గురువు సత్తియ్య ఆట నేర్పడం మొదలుపెట్టాడు. పాలకోసం అటు వెళ్ళిన మాణిక్యం అక్కడే ఆగిపోయింది. పుట్టింట్లో ఘోషా, అత్తింట్లో గుమ్మానికి కర్టెను. నలభై దాటినా నలుగురిలో గట్టిగా నవ్వి ఎరగని మనిషి. ఎవరో చేతికి కర్రలిచ్చారు. ఎదుటి మనిషి కర్రకు తన కర్ర తగిలి టక్కుమన్నప్పుడు, ఒళ్ళంతా ఒక్కసారి మేలుకున్నట్టయింది. ఆ రోజు పాలు లేకుండానే ఇంటికొచ్చింది.

"మన ఇళ్ళల్లో ఆడాళ్ళు వీధిలో గెంతరు" అన్నాడు వెంకటరాజు.

"గెంతడం కాదండి, ఆడటం."

ఆ దిద్దుబాటుకే ఆ రోజునుంచి ఆయన ఆమెతో మాట మానేశాడు.

"మీ ఆయన మాట్లాడట్లేదని బెంగేంటమ్మా?" అని నవ్వేది సంపూర్ణమ్మ. "మా ఆయన ఒక్క పూట నోరు మూస్తే తిరపతెళ్ళి గుండు చేయించుకుంటాను."

కార్తికంలో ద్రాక్షారామం గుడి ఆవరణలో జడ కోలాటం ఆడమని బృందానికి పిలుపొచ్చింది. పైన కట్టిన రంగుల తాళ్ళ కొసలు తలా ఒకటి పట్టుకుని, ఎదురెదురుగా తిరుగుతూ జడ అల్లాలి. తర్వాత వచ్చిన దారినే వెనక్కి ఆడి, అదే జడను విప్పాలి. మధ్యలో ఒక్కరు వదిలినా ముడిపడిపోతుంది.

"అక్కడికెళితే, అటునించటే పుట్టింటికి పొమ్మను మీ అమ్మని" అన్నాడు వెంకటరాజు కూతురితో.

మాణిక్యం సంచిలో నాలుగు చీరలు సర్దుకుని, కూతురిని తీసుకుని బస్సెక్కింది.

సాయంత్రం జడ సగానికి పైగా దిగింది. ఒకరు వంగితే మరొకరి తాడు పైనుంచి దాటుతోంది. ఎవరూ ఎవరినీ చూడటం లేదు, ఎవరూ ఎవరికీ తగలడం లేదు. ఏ ఇంట్లోనూ మాట చెల్లని ఆ ఆడవాళ్ళ చేతుల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పాయలు పొల్లుపోకుండా ఒకదానిలో ఒకటి ఒదుగుతున్నాయి. అప్పుడే జనాన్ని తోసుకుంటూ వెంకటరాజు వచ్చాడు. వలయంలోకి చొరబడి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మాణిక్యం, పద."

ఇన్ని నెలలకు ఆమెతో అన్న మొదటి మాట అది.

"జడ విప్పి వస్తానండి" అందామె, అడుగు ఆపకుండా.

"బాబుగారూ, ఇప్పుడొదిలితే కత్తెట్టి కొయ్యాలండి" అని సత్తియ్య కేకేసి, పాట ఎత్తుకుని వెనక్కి తిప్పాడు. తాళ్ళు కదిలాయి. వెంకటరాజుకు బయటికి దారి లేకుండా పోయింది. ఎదుటినుంచి వచ్చే పసుపు తాడు సరిగ్గా ఆయన మెడ ఎత్తున ఉంది.

"వంగండి" అంది మాణిక్యం.

వంగాడు.

"లేవండి. ఇటు. మళ్ళీ వంగండి."

ఆఫీసులో పై అధికారికైనా వంగని మనిషి, భార్య మణికట్టును ఊతంగా పట్టుకుని వంగాడు, లేచాడు, మళ్ళీ వంగాడు. జనం మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మరిచిపోయారు. తలపైన, ముడిపడిందనుకున్న ప్రతిచోటా జడ దానంతటది వీడిపోతోంది. ఆయన కూడా తలెత్తి అదే చూస్తున్నాడు, నోరు కొద్దిగా తెరిచి. చివరి పాయ విడిపోయి తాళ్ళన్నీ వేటికవి వేలాడినప్పుడు కానీ, చెయ్యి వదలొచ్చని ఆయనకు తోచలేదు.

సత్యకుమారి నీళ్ళ సీసా తెచ్చింది. ఆయన అందుకుని, అలవాటుగా కూతురి వైపే తిరిగాడు. "మీ అమ్మని తాగమను."

"నాకు చెవులున్నాయని చెప్పవే" అంది మాణిక్యం, ఆయన్నే చూస్తూ.

ఆయన సీసా ఆమె వైపు చాచి, "తాగు" అన్నాడు. ఆమె సంచి తీయబోయి ఆగాడు. "ఇంత బరువుందేంటి?"

"పుట్టింటికి పొమ్మన్నారు కదండీ. చీరలు."

ఆయన ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని అనుమతిగా లెక్కగట్టరాదు. ఆమె అనుమతి అడగనేలేదు. రెండో జడకు సత్తియ్య పిలిచాడు. మాణిక్యం వెళ్ళి తన తాడు పట్టుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని వెంకటరాజు అరుగు మీద కూర్చున్నాడు.