సరిగ్గా నడవకు

మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాల్సిన రోజు పొద్దున్న, ఆటోలో నాన్న నా వైపు వంగి మెల్లిగా అన్నాడు. "అమ్మా, ఇవాళ కొంచెం సరిగ్గా నడవకు."

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. అప్పటినుంచి ఇంట్లో విన్నమాట ఒక్కటే, సరిగ్గా నడువు. అమ్మ నువ్వులనూనె రాసి కాలు మర్దనా చేసేది. గోడ పట్టించి వసారా ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించేది. సినిమా డాన్సర్లకు బట్టలు కుట్టే మనిషి, మిగిలిన గుడ్డతో నాకు పొడుగు లంగాలు కుట్టి, కాలికి బిగించే ఇనుప కాలిపర్ కనబడకుండా చేసేది. అంత కష్టపడి నిలబెట్టిన నడకను ఇవాళ నేనే పాడుచేసి చూపించాలట.

నాన్న తప్పేమీ లేదు. డిగ్రీ చదివినన్నాళ్లూ వికలాంగులకిచ్చే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తోనే చదివాను. ఊళ్లో ఎవర్ని కదిపినా కంప్యూటర్ల గురించే మాట్లాడుతున్న రోజులవి. నాకూ ఎంసీఏలో సీటొచ్చింది. ఫీజు మా శక్తికి మించింది. మళ్లీ దరఖాస్తు పెట్టడానికి వెళ్లాను.

ఆ దరఖాస్తులు తీసుకునే సీటు రెండో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. రొప్పుతూ వెళ్లి కాగితాలిస్తే గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది నడవదమ్మా. పాత సర్టిఫికెట్. మెడికల్ బోర్డుకు పోయి కొత్తది దేవాలె."

"కాలు పాతదే కదండీ."

"గట్ల మాట్లాడితే ఎట్ల? రూలు గట్లున్నది." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అయినా మంచిగనే ఉన్నవ్ గదా. గిన్ని మెట్లెక్కి వచ్చినవ్."

ఎక్కకపోతే కాగితాలు పుచ్చుకునే దిక్కు లేదు. ఎక్కితే నాకు ఏమీ లేనట్టే. ఎవరితో చెప్పుకోను?

బోర్డు కూర్చునే ఆసుపత్రిలో మధ్యాహ్నం దాటాక నా పేరు పిలిచారు. డాక్టరు తల ఎత్తకుండానే, "నడువమ్మా" అన్నాడు. నాన్న మాట గుర్తుంది. కుంటుదామనే అనుకున్నాను. కాని అన్నేళ్ల అలవాటు నా మాట వినలేదు. నడుం నిటారుగా పెట్టుకుని కిటికీదాకా నడిచి, తిరిగి వచ్చాను.

"వెరీ గుడ్. బాగా ఇంప్రూవ్ అయింది" అంటూ ఏదో రాసేశాడు. కాలు చూడలేదు, కాలిపర్ విప్పమనలేదు. స్కాలర్‌షిప్‌కి కనీసం నలభై శాతం వైకల్యం ఉండాలి. ఆయన అంతకన్నా తక్కువ వేశాడు. అది చూసి నా మొహం పాలిపోతే, "సంతోషించాలి గానీ ఏడుస్తావేంటమ్మా" అన్నాడు.

బయట నిలబడ్డ నాన్నకు కాగితం ఇచ్చాను. చదివాడు, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పాను కదమ్మా" అని కూడా అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

తర్వాత మా కాలేజీ మేడమ్ ఒకావిడ జూబ్లీహిల్స్‌లో ఒక ట్రస్టు సంగతి చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదించిన ఒకాయన, వికలాంగ విద్యార్థుల కోసం తన బంగళాలోనే పెట్టాడట. వెళ్లాను. మేనేజరు ఆవిడ ఓపిగ్గా అన్నీ అడిగింది. నా మార్కులు చూసి మెచ్చుకుంది. వారం తిరక్కుండా పక్కింటి ఫోనుకు కబురొచ్చింది, ఎంపికయ్యానని. నేను ఎగిరి గంతేసేలోపలే మేనేజరు ఆవిడ ఇంకో మాట అంది.

"మీ నాన్నగారు సినిమాల్లో సెట్ సామాన్లు తెచ్చే ప్రాపర్టీస్ డిపార్ట్‌మెంట్ అని రాశారు కదా. చెక్కులిచ్చే ఫంక్షన్‌కి ఒక వీల్‌చైర్ అరేంజ్ చేస్తారా?"

"ఎవరికండీ?"

"మీకే. మీరు నిలబడి ఉంటే అసలు ప్రాబ్లమ్ ఉన్నట్టే తెలియట్లేదు. ఫోటోలో బాగుండదు."

నేను కుర్చీలో తిరగనండీ అని చెప్పి ఫోను పెట్టేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ స్టూడియోకి ఫోన్ చేసి నాన్ననే పట్టుకుంది. తీరా ఫంక్షన్ రోజు నేను బస్సు దిగి ఆ ఎత్తంతా ఎక్కి వెళ్లేసరికి, బంగళా గేటు దగ్గర నాన్న వీల్‌చైర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. షూటింగుల్లో ఆసుపత్రి సీన్లకు వాడేది.

"ఎందుకు తెచ్చావు?"

"అడిగారమ్మా. మా డిపార్ట్‌మెంట్‌లో అడిగినదానికి లేదనే మాట ఉండదు. ఏనుగు కావాలంటే ఏనుగునైనా పట్టుకురావాలి."

"నేను కూర్చోను."

"కూర్చోవద్దులే. ఊరికే పక్కన ఉంటుంది" అన్నాడు, నన్ను చూడకుండా.

లోపల పచ్చికలో షామియానా వేశారు. చెక్కులు అందుకోబోయేవాళ్లం ఓ పదిమందిమి వరసగా నిలబడ్డాం. మేనేజరు ఆవిడ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ప్లీజ్, ఒక్క నిమిషం కూర్చోండి. చెక్ తీసుకోగానే లేచిపోవచ్చు."

"నిలబడితే ఇవ్వరా?"

"అలా అనకండి. డోనర్స్ చూస్తారు కదా."

"నేను నడుస్తుంటే చూడమనండి."

ఆవిడ నాన్న వైపు చూసింది. నాన్న కుర్చీ పిడులు పట్టుకుని గడ్డివైపు చూస్తున్నాడు. చెక్కు పోయినా సరే కూర్చోకూడదని నేను పళ్లు బిగించాను.

అప్పుడొచ్చాడు ముఖ్య అతిథి, పెద్దవయసు నిర్మాత. భారీ మనిషి. గేటునుంచి ఎగువకు నడిచేసరికి చెమటలు కక్కుతున్నాడు, మోకాళ్లు పట్టుకుంటున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ కనబడింది. "అమ్మయ్య" అంటూ వచ్చి అందులో కూలబడ్డాడు. "ఎవరు తెప్పించారమ్మా ఇది? మంచి పని చేశారు."

లేవమని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆ కుర్చీకి బ్రేకు పనిచేయదు. అది వాలులో జారకుండా నాన్న చక్రం వెనక కాలు అడ్డం పెట్టాడు. ఆయన అలాగే కూర్చుని ఒక్కొక్కరికీ చెక్కు ఇచ్చాడు. మేం వంగి తీసుకున్నాం. కెమెరాలు టకటకా మెరిశాయి. మేనేజరు ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. నవ్వు ఆపుకోలేక నా కళ్ల నీళ్లు తిరిగాయి. డోనర్లు అది కృతజ్ఞత అనుకున్నారేమో.

తిరిగి వెళ్లేటప్పుడు కుర్చీతో ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు. ఫిల్మ్‌నగర్‌లోని మా ఇంటిదాకా కొండ దిగి నడిచాం. నాన్న కుర్చీ తోస్తుంటే నేను పక్కన. కొంతదూరం పోయాక అడిగాడు.

"కోపం వచ్చిందా అమ్మా?"

"వచ్చింది."

"నాకూ వచ్చింది. నా మీదే."

మా వీధి మొదట్లో టీకొట్టు ఆయన మమ్మల్ని చూసి, "ఏమన్నా, షూటింగ్ గీడనేనా?" అని కేకేశాడు. నాన్న ఆగి, "కాదయ్యా. మా అమ్మాయికి స్కాలర్‌షిప్ వచ్చింది" అన్నాడు, వీధంతా వినబడేలా.

ట్రస్టు డబ్బుతో ఆ ఏడాది గడిచింది. మరుసటేడు వాళ్లు మళ్లీ పిలవలేదు, అప్పు చేసి ఫీజు కట్టాం. నేను బోర్డుకు అప్పీలు పెట్టుకున్నాను. ఈసారి ఒక చిన్న వయసు డాక్టరమ్మ కాలిపర్ విప్పించి, రెండు కాళ్లూ టేపుతో కొలిచి, "ఇంత తేడా ఉంటే పోయినసారి ఎవరు చూశారమ్మా?" అంది. చూడలేదని చెప్పాను. శాతం నలభై దాటింది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మంజూరైంది. మంజూరైన కాగితం నా చేతికొచ్చేసరికి చదువు అయిపోయి, మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి మూడో నెల.

ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. మళ్లీ ఆ మెట్లు. గుమాస్తా కాగితం చూశాడు. "చదువుతున్నట్టు కాలేజీ లెటర్ దేవాలె" అన్నాడు.

"చదువు అయిపోయిందండీ. మీరిచ్చేలోపల అయిపోయింది."

"అయితే ఎట్లిస్తరు?"

ఆ రోజు నేను ఆయనతోనే కాదు, ఆ గదిలో ఉన్న అందరితోనూ గొంతెత్తి పోట్లాడాను. పై అధికారి బయటికి వచ్చేదాకా, నన్ను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేదాకా అరిచాను. చదివిన కాలానికి లెటరు ఉంటే చాలునని ఆయన రాసిచ్చాడు. డబ్బు ఆ ఏడాది చివర్లో వచ్చింది. ఆ అరుపులకు గొంతు మాత్రం రెండు రోజులు పెగల్లేదు.